వెదుళ్ళపేట బడిగంట మాహాత్మ్యము

కొండల వైపు వెళ్ళే బస్సు వెదుళ్ళపేట సంతతోపు దగ్గర ఆగుతుంది. అక్కడ దిగి తూర్పుగా నడిస్తే ముసలిగెడ్డ గట్టు వస్తుంది. మా ప్రాంతంలో వాగును గెడ్డ అంటాము, పిల్లను గుంట అంటాము. ఆ గట్టును ఆనుకుని ఉన్న ఎత్తు దిబ్బ మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. దారి ఎవరినీ అడగనక్కరలేదు. పొద్దున్నపూట అయితే పుస్తకాల సంచులు ఎటు పోతుంటే అటు పోవడమే.

బడి ఆవరణలో కానుగ చెట్టు కొమ్మకు గొలుసుతో వేలాడే రైలు పట్టా ముక్కే ఇక్కడి గంట. చూడవచ్చినవారు ముందుగా దీని దగ్గరకే వస్తారు. ముట్టుకోవచ్చు, చెప్పులు విప్పనక్కరలేదు. కొబ్బరికాయలు కొట్టవద్దని గోడ మీద రాసి ఉంది. అయినా పదో తరగతి పరీక్షల రోజుల్లో తల్లులు కొడుతూనే ఉంటారు, చిప్పలు ఏరలేక అటెండరు విసుక్కుంటూనే ఉంటాడు.

అన్ని బళ్ళలోనూ గంట గడియారాన్ని బట్టి మోగుతుంది. ఇక్కడ పిల్లలను బట్టి మోగుతుంది. ప్రతి ఉదయం పదో తరగతి పిల్లలు ఇద్దరు గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డు దారి చూస్తారు. గెడ్డకు అవతల కోనవలస అనే చిన్న ఊరుంది. అక్కడి నుంచి వచ్చే పిల్లల్లో ఆఖరివాడు గేటులో అడుగుపెట్టాక, గట్టు మీది ఇద్దరూ బడి వైపు తిరిగి "అందరూ వచ్చేశారు" అని కేక వేస్తారు. ఆ కేక వినపడ్డాకే అటెండరు సుత్తి ఎత్తుతాడు. అంతవరకూ ప్రధానోపాధ్యాయుడైనా, తనిఖీకి వచ్చిన అధికారి అయినా చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

ఈ పుస్తకం రాస్తున్న నేను ఈ బడిలో తెలుగు పండితుడిగా చేరి ఇక్కడే విరమించినవాణ్ణి. నాకు చాదస్తం ఎక్కువని అప్పట్లో పిల్లలు అనేవారు, ఇప్పుడు మా ఇంట్లో అంటున్నారు. అందుచేత ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇందులో కొంత నేను కళ్ళారా చూసింది, కొంత ఈ బడి పెట్టించిన రామేశ్వరమూర్తి మాష్టారు నోట విన్నది. కలలో దేవత కనిపించి బడి కట్టమంది అని సంతలో ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ రోజుల్లో మాష్టారికి నిద్రే లేదు, ఇక కల ఎక్కడిది?

పూర్వం ఇక్కడ బడి లేదు. ఈ దిబ్బ నిండా జిల్లేడు, కలబంద పెరిగి ఉండేవి. మేకలు తప్ప మనుషులు ఎక్కేవారు కారు. వెదుళ్ళపేటలో అయిదో తరగతి దాకా చదివినవాడు ఆ పైన చదవాలంటే పట్నంలో చుట్టాలుండాలి. చుట్టాలు లేనివాడు నాగలి పట్టేవాడు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు.

అటువంటి ఊరికి దూసి రామేశ్వరమూర్తి మాష్టారు బదిలీ మీద వచ్చారు. మనిషి పొట్టి, మాట పొడుగు. వచ్చిన ఏడాదే ఉన్నత పాఠశాల కావాలని పట్టుబట్టారు. పూర్వం మునులు ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేశారంటారు, ఈయన జిల్లా ఆఫీసు వరండాలో రెండు కాళ్ళ మీదా నిలబడి చేశారు. వాళ్ళు ఇదిగో అదిగో అన్నారు. ఈయన మళ్ళీ వెళ్ళారు. చివరికి ఈయన్ని చూడలేక మంజూరు చేశారని ఊళ్ళో ఒక మాట ఉంది. ఊరి పెద్ద రౌతు సింహాద్రినాయుడు గారు ఈ దిబ్బను ఇచ్చారు, ఊరివాళ్ళు మట్టి మోశారు, కోనవలస కూలీలు గెడ్డలోంచి ఇసుక మోశారు. అలా రెండు గదులు, ఒక తాటాకు పాక లేచాయి.

గంట దొరికిన వైనం కూడా చెప్పాలి. ఒక వర్షాకాలం వెళ్ళాక మేకలు కాసే ఎర్రయ్యకు గెడ్డ ఇసుకలో నల్లని ఇనుప దిమ్మ కనిపించింది. ఎగువన ఎప్పుడో కొట్టుకుపోయిన వంతెనది కాబోలు. కర్రతో కొడితే ఖంగుమంది. ఇంకేముంది, ఊరంతా కదిలివచ్చి దానికి పసుపు రాసి బొట్టుపెట్టి, అమ్మవారు వెలిసిందన్నారు. మా ఊరివాళ్ళకు అదొక అలవాటు. అర్థం కానిది కనిపిస్తే ముందు పసుపు రాస్తారు, తరువాత ఆలోచిస్తారు. మాష్టారు వచ్చి చూసి, "ఇది రైలు పట్టా నాయనా. అమ్మవారే అయితే చదువులమ్మ అయివుంటుంది, బడికి పంపండి" అన్నారు. ఆ పసుపుతోనే దాన్ని తెచ్చి కానుగ కొమ్మకు కట్టారు.

మాష్టారికి గంట మీద ఎనలేని గర్వం ఉండేది. రోజూ మొదటి గంట, రెండో గంట. రెండో గంటకు గేటు మూసేవారు. ఆ తరువాత వచ్చినవాడు మధ్యాహ్నం దాకా గేటు బయట నిలబడవలసిందే. కలవారి బిడ్డ అయినా కూలివాళ్ళ బిడ్డ అయినా ఒకటే న్యాయం. ఆ గంట వినే రైతులు అరకలు విప్పేవారు, ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవారు. మా ఊరికి గడియారం లేని లోటు మాష్టారు తీర్చారని అందరూ చెప్పుకునేవారు. అందరికీ ఒకటే న్యాయం అన్నది మంచిమాటే. కాని అందరికీ ఒకటే దారి కాదన్న సంగతి ఆయనకు తట్టలేదు. కోనవలస పిల్లలు గెడ్డ దాటి రావాలి. నీళ్ళు తక్కువ ఉన్న రోజుల్లో బడికి ఎదురుగా ఉన్న రేవులో దిగి దాటేస్తారు. వానలు పడితే ఎగువన ఉన్న ఆనకట్ట దాకా నడిచి, దాని మీదుగా చుట్టూ తిరిగి రావాలి.

బడి పెట్టిన కొన్నేళ్ళకు, ఒక ఆషాఢ మాసంలో, రాత్రంతా కొండల మీద వాన కురిసింది. తెల్లారేసరికి ఇక్కడ ఎండ కాస్తోంది. గెడ్డ మాత్రం ఎర్రగా దిగుతోంది. కోనవలస పిల్లలు అవతలి గట్టుకు చేరేసరికి మొదటి గంట మోగింది. చుట్టూ తిరిగి వెళితే రెండో గంట దాటిపోతుంది, గేటు మూసేస్తారు. వాళ్ళలో పెద్దది ఏడో తరగతి చదివే దాలమ్మ. చుక్కమ్మ అనే కూలి మనిషి పెద్ద కూతురు. ఆ ఏడే బడిలో చేరిన చెల్లెలు అప్పలకొండ చెయ్యి పట్టుకుని ఉంది. దాలమ్మ ఆ చెయ్యి వదిలి, "నాను ముందెళ్ళి గేటు ముయ్యద్దని మేష్టారికి సెప్తాను. మీరు ఆనకట్ట మీంచి రండి" అంది. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని రేవులో దిగింది.

రేవు నడుమ ఇసుక కోసుకుపోయి ఉంది. పిల్లలు చూస్తుండగానే సంచి తేలిపోయింది. అవతల రెండో గంట మోగింది. మధ్యాహ్నానికి దిగువన వెదురు పొదల దగ్గర పిల్ల దొరికింది.

ఆ మరునాటి నుంచి కోనవలస పిల్లలు ఒక్కరూ గెడ్డ దాటలేదు. ఎవరూ తగువుకు రాలేదు, తిట్టలేదు. పిల్లలు మేకల వెంట వెళ్ళిపోయారు. బడిలో సగం బల్లలు ఖాళీ అయ్యాయి. మాష్టారు తిండి తినేవారు కారు. నేను ఆ సంవత్సరమే కొత్తగా చేరాను. ఒకరోజు ఆయన పాకలో కూర్చుని, "పండితుడుగారూ, ఈ బడి నేనే కట్టాను, నేనే కూల్చాను" అన్నారు. ఊరడించే మాటలు పద్యాల్లో చాలా ఉంటాయి కాని మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కటీ నోటికి రాదు.

ఊరి మనసు కూడా బాగాలేదు. సింహాద్రినాయుడు గారు పెద్దలను కూర్చోబెట్టి ఒక నిర్ణయం చేశారు. దాలమ్మను కన్నె పేరంటాలుగా నిలబెట్టాలి. రేవు దగ్గర రాయి పాతి, చిన్న గుడి కట్టి, ఏటా ఆషాఢంలో సంబరం చెయ్యాలి. అలా చేస్తే పిల్ల శాంతిస్తుంది, గెడ్డ శాంతిస్తుంది, కోనవలసకూ గౌరవం. నాయుడు గారు చెడ్డమనిషి కారు. ఆయనకు తెలిసిన ఓదార్పు అదే. మాష్టారిని, నన్ను వెంటబెట్టుకుని ఆ మాట చెప్పడానికి కోనవలస వెళ్ళారు.

చుక్కమ్మ గుడిసె ముందు నులకమంచం వేసి మమ్మల్ని కూర్చోమంది. తాను కింద కూర్చుంది. అప్పలకొండ గుమ్మం వెనకనుంచి చూస్తోంది. నాయుడు గారు విషయం అంతా చెప్పి, "గెడ్డకు అప్పుడప్పుడు ఒక ప్రాణం అడగడం అలవాటమ్మా. మన పిల్లను తల్లిగా నిలబెట్టుకుంటే ఊరికి కాపు ఉంటుంది" అన్నారు.

చుక్కమ్మ తల అడ్డంగా ఊపి, "గెడ్డ అడగనేదు బాబూ. అది దాని దారిన అది పోతాది. మా గుంటని అడిగింది మీ గంట" అంది.

మాష్టారు తల దించుకున్నారు.

"రాయి పాతి పసుపు రాత్తే మీ గుండెలు సల్లబడతాయి. మీరు మంచోళ్ళే, కాదనను. నాకు సల్లబడదు. మా దాలి దేవతవ్వాలని బయల్దేరనేదు బాబూ. ఎనిమిదో తరగతిలోకి ఎల్లాలని బయల్దేరింది."

"మరి ఏం చెయ్యమంటావు చుక్కమ్మా? నువ్వే చెప్పు" అన్నారు మాష్టారు.

"అది మీకొక మాట సెప్పడానికి గెడ్డలో దిగింది. ఆ మాట మీకందనేదు. నాను సెబుతున్నాను, ఇనండి. ఎనకాల పిల్లలు వొత్తన్నారు, కాసేపు ఆగండి. అంతే. ఆఖరు గుంట గేటులోకొచ్చీదాకా మీ గంట ఆగితే, రెండోదాన్ని కూడా పంపుతాను. ఆగదంటే, ఇది మేకల్ని కాసుకుంటాది."

ఏమనుకున్నారు మరి? ఇంత చదువుకున్నవాళ్ళం ముగ్గురం ఆ గుడిసె ముందు కూర్చుని గుడులు, గోపురాలు ఆలోచించాము. కాసేపు ఆగడం అన్నది మాకు తోచలేదు. మాష్టారు లేచి నిలబడి, "ఆగుతుందమ్మా. నేను ఉన్నంతకాలం ఆగుతుంది, నా తరువాత కూడా ఆగేటట్టు చేస్తాను" అన్నారు. నాయుడు గారు కండువాతో కళ్ళు తుడుచుకుని, గుడి మాట మరి ఎత్తలేదు.

శ్రావణ బహుళ తదియ నాడు కోనవలస పిల్లలు మళ్ళీ బడికి బయలుదేరారు. మాష్టారు ఊరికే ఉండలేని మనిషి. చుక్కమ్మకు గౌరవం చెయ్యాలనుకున్నారు. "గంట ఎప్పుడు కొట్టాలో నువ్వే చెప్పాలి. గట్టు మీద నిలబడి అందరూ వచ్చేశారని ఒక్క కేక వెయ్యి, అప్పుడు కొడతాం" అని ఆమెను ఒప్పించారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఆ మాట ఒక తల్లి నోట ఎలా వస్తుందో ఆయనా ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు.

పిల్లలు ఆనకట్ట మీదుగా వరసగా వచ్చారు. ఒకరి తరువాత ఒకరు గేటులో ప్రవేశించారు. ఆఖరున అప్పలకొండ వచ్చింది. అక్క లంగాను కురచ చేసి కట్టారు. ఊళ్ళోవాళ్ళు కూడా కానుగ చెట్టు చుట్టూ చేరారు. అటెండరు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. అందరమూ గట్టు వైపు చూస్తున్నాము. అవతలి దారిలో ఎవరూ లేరు.

చుక్కమ్మ కేక వెయ్యలేదు. ఇంకాసేపు చూశాము. మాష్టారు ఆవరణ చివరిదాకా వెళ్ళి, "చుక్కమ్మా, అందరూ వచ్చేసినట్టేనా?" అని అడిగారు.

చుక్కమ్మ గట్టు మీద చతికిలబడి, గెడ్డ వైపే చూస్తూ, "మా దాలి రానేదు బాబూ" అంది.

గట్టిగా అనలేదు. కాని ఆవరణలో ఉన్న ప్రతివాళ్ళకూ వినిపించింది. పిల్లలు బిక్కచచ్చిపోయి నిలబడ్డారు. మాష్టారు తిరిగివచ్చి అటెండరు చేతిలోని సుత్తి తీసుకున్నారు, గదిలో పెట్టి తలుపు వేశారు. "పిల్లలూ, తరగతులకు వెళ్ళండి. ఈ రోజు గంట లేదు" అన్నారు. ఆ పూట మేము అంచనా మీద పాఠాలు చెప్పాము. ఏ తరగతి ఎప్పుడు అయిందో ఎవరికీ తెలియదు. అల్లరి చేసినవాడు ఒక్కడూ లేడు. అరకలు కట్టిన రైతులకు కూడా ఆ రోజు పొద్దు తెలియలేదట. చుక్కమ్మ సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చుంది. నాయుడు గారి భార్య గంజి పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నారు. బడి వదిలాక అప్పలకొండ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆనకట్ట మీదుగా ఇంటికి వెళ్ళారు.

ఆమె మరి రాదనే అనుకున్నాము. మర్నాడు పిల్లలకంటే ముందే వచ్చింది. ఆఖరి పిల్ల గేటు దాటగానే బడి వైపు తిరిగి, "అందరూ వొచ్చీసారు. కొట్టండి" అని కేక వేసింది. గంట మోగింది. మాష్టారు దగ్గరకు వెళ్ళి, ఇంత కష్టం పెట్టినందుకు క్షమించమన్నారు. "నిన్నటి రోజు దానిది బాబూ. ఇయ్యాల్టి నుంచి ఈళ్ళది" అంది చుక్కమ్మ. ఆ తరువాత కూలి పని లేని రోజుల్లో ఆమే వచ్చి కేక వేసేది. పని ఉన్న రోజుల్లో పదో తరగతి పిల్లలు వేసేవారు. అలా ఆ కేక పిల్లల వంతుకు వచ్చింది.

ఈ ఆచారానికి అడ్డంకులు రాకపోలేదు. ఒకసారి ఒక పెద్ద అధికారి చెప్పాపెట్టకుండా వచ్చి కుర్చీలో కూర్చుని, వేళ మించినా గంట మోగడంలేదేమని గద్దించాడు. "ఒక గుంట ఇంకా అవతలి గట్టు మీద ఉందండి" అన్నారు మాష్టారు. అధికారి లేచి వచ్చి చూశాడు. అవతలి దారిలో ఒక బక్కపిల్ల, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, పరుగెత్తలేక నడుస్తోంది. ఆ పిల్ల లోపలికి వచ్చేదాకా ఆయనా నిలబడ్డాడు. తరువాత తన చేతి గడియారం చూసుకుని, ఇది ముందుకు పోతున్నట్టుంది అన్నాడు. ఆ మనిషి చల్లగా ఉండాలి.

గంట ఆగితే క్రమశిక్షణ చెడుతుందని కొందరు పండితులు శకునం చెప్పారు. జరిగింది వేరు. బడి అంతా తన కోసం ఎండలో నిలబడి ఉందని తెలిసిన పిల్లకు కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. ఏడాది తిరిగేసరికి ఆలస్యంగా వచ్చేవాడు వెతికినా కనపడలేదు. కోనవలసలో బడి మానేసి మేకల వెంట వెళ్ళిన పిల్ల ఆ తరువాత లేదు. అప్పలకొండ ఇక్కడే పదో తరగతి ప్యాసై నర్సు చదువు చదివింది. కొండల్లోని ఆస్పత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, ఎందరికో పురుడు పోసింది. మా ఖోఖో ఆడపిల్లలు రాష్ట్రం మొత్తం మీద గెలిచి కప్పు తెచ్చారు. దాన్ని ఆఫీసు గదిలో చూడవచ్చు, తాళం అటెండరును అడగండి. ఈ బడి పిల్లల్లో డాక్టర్లున్నారు, సైనికులున్నారు, ఉపాధ్యాయులున్నారు. ఆర్టీసీ డ్రైవరు ఒకడున్నాడు. పరుగెత్తుకొస్తున్న ప్రయాణికుణ్ణి చూస్తే బస్సు ఆపకుండా ఉండలేడు. పై అధికారులు చీవాట్లు పెడితే, మా బడి అలవాటండి అని చెబుతాడట.

ఇక ఫలశ్రుతి. ఈ గంటను తాకితే మార్కులు వస్తాయని నేను రాయను, నాకు అబద్ధం చేతకాదు. చదివితే వస్తాయి. ఇక్కడికి వచ్చి ఒక ఉదయం గట్టు మీద నిలబడి ఆ కేక విన్నవారికి మాత్రం, ఇంటికి వెళ్ళాక వెనక వచ్చేవాళ్ళ మీద కోపం కొంత తగ్గుతుందని పెద్దలు చెబుతారు. నా విషయంలో కొంత నిజమైంది. మా ఇంట్లో అడిగితే వేరే చెప్పవచ్చు.

రామేశ్వరమూర్తి మాష్టారు గతించారు. గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఉంది, లారీలు కూడా పోతాయి. వంతెన వచ్చాక కూడా గంట పిల్లల కోసం ఆగుతూనే ఉంది. చుక్కమ్మ ముసలితనంలో ఏటా శ్రావణ బహుళ తదియ నాడు వచ్చి గట్టు మీద కూర్చుని వెళ్ళేది. ఆ ఒక్క రోజు దాలమ్మదని బడిలో గంట కొట్టేవారు కారు. మూడేళ్ళ కిందట ఆమె కూడా పోయింది.

ఆ సంవత్సరం తదియ నాడు నేను బడికి వెళ్ళాను. కొత్త ప్రధానోపాధ్యాయురాలు, కొత్త పంతుళ్ళు, ఎవరికీ ఏమీ తెలియదు. గుర్తు చేయవలసినవాణ్ణి నేనొక్కడినే మిగిలానని బయలుదేరాను. నేను చేరేసరికి ఆవరణలో ఎవరూ లేరు, తరగతులన్నీ నిండుగా ఉన్నాయి. అటెండరు అరుగు మీద ఉత్త చేతులతో కూర్చున్నాడు. గట్టు మీద పదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు గెడ్డ వైపు చూస్తూ మౌనంగా నిలబడి ఉన్నారు. ఆ జూన్‌లోనే చేరిన లెక్కల మాష్టారు వాళ్ళ దగ్గరకు వెళ్ళి, వేళ దాటిపోయింది, గంట ఎందుకు కొట్టించలేదని అడిగాడు.

"అందరూ రాలేదండి" అంది అందులో చిన్నది. "ఒకరు రావాలి."